తిథికి రెండు ఘడియలు

సముద్రానికి దూరంగా కాపురాలుండేవాళ్ళకు దాన్ని గురించి రెండే సంగతులు తెలుస్తాయి. ఒకటి సరదా, రెండవది భయం. రెండు మూడు తరాలుగా బెంగుళూరులో స్థిరపడిన మన ఇళ్ళల్లోనే చూడండి. సెలవులకు సముద్రపుటొడ్డుకు వెళ్ళి వచ్చిన పిల్లవాణ్ణి, "ఏం చూశావురా?" అని అడిగితే, "అలల్లో తడిశాం, మొక్కజొన్న పొత్తులు తిన్నాం" అంటాడు. వెనకాల నిలబడ్డ పెద్దావిడ, "అంత దగ్గరికి పోనిచ్చామా ఏమిటి!" అని అందుకుంటుంది. ఈ రెండింటికీ నడుమ మూడో సంగతి ఒకటున్నది. సముద్రానికి వేళ ఉంది. అది ఎప్పుడు ముందుకు వస్తుందో, ఎప్పుడు వెనక్కు పోతుందో ముందుగానే లెక్క కట్టవచ్చు. ఆ లెక్కకు కావలసిన సాధనం మన ఇంటి గోడకే వేలాడుతూ ఉంటుంది. ఆ ముక్క చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మా నాన్నగారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి ఈ ఊరు వచ్చి ఇక్కడివారే అయిపోయారు. మా అమ్మది భీమునిపట్నం. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి తన పిల్లల్ని మాత్రం సముద్రంలో కాలు పెట్టనివ్వలేదు. వేసవిలో అమ్మమ్మగారింటికి వెళ్ళినప్పుడల్లా ఇసుకలో కూర్చోబెట్టి, "చూడండి, చూడవచ్చు, అంతే" అనేది. దానికి కారణం మాకు పెద్దయ్యాక తెలిసింది. అమ్మ చిన్నతనంలో వాళ్ళ వీధి కుర్రవాడొకడు స్నేహితులతో కలిసి మధ్యాహ్నంపూట పొడిగా ఉన్న బండల మీదుగా చాలా దూరం నడిచివెళ్ళాడు. చీకటిపడే వేళకు వెనక్కి వచ్చే దారి నీళ్ళలో మునిగిపోయింది. మిగిలినవాళ్ళు ఎలాగో ఒడ్డు చేరారు. వాడు చేరలేదు. ఆ ఇల్లాలి ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉన్నదంటుంది అమ్మ.

ఇప్పుడు మా పిల్లల తరం వచ్చింది. పెద్దది ఏడో తరగతి, చిన్నవాడు నాలుగు. పెద్దదానికి బడిలో కన్నడ పాఠంలో "ఉబ్బర, ఇళిత" అని వచ్చింది. తెలుగులో ఏమంటారని అడిగితే మా అమ్మ, "పోటు, ఆటు" అన్నది. "ఆటుపోట్లంటే కష్టసుఖాలు కదా!" అన్నది మనవరాలు. మాటకు పై అర్థం దక్కింది గాని, అసలు వస్తువు జారిపోయింది. ఆ పాఠంలోనే నీరు తీసినప్పుడు రాళ్ళ గుంటల్లో చిక్కుకుని బ్రతికే జీవుల బొమ్మలున్నాయట. అవి చూడాలని ఇద్దరూ పట్టుబట్టారు. విశాఖపట్టణంలో ఉన్న మా మేనమామ ఉగాదికి రమ్మని ఫోను చేశాడు. 2025లో ఉగాది మార్చి 30, ఆదివారం నాడు వచ్చింది. మర్నాడు రంజాను సెలవు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి, "నేనూ వస్తాను. నేను చెప్పినప్పుడు వెనక్కి రావాలి" అన్నది.

మన సిటీ స్టేషనులో చిన్నవాడు పసుపుపచ్చ బోర్డు మీది అంకె చదివాడు. బెంగుళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. "నాన్నా, సముద్రం ఎప్పుడూ పైకీ కిందికీ పోతుంది కదా, మరి మట్టం ఏది?" అన్నాడు. ప్రశ్న చిన్నదైనా జవాబు పెద్దది. సర్వే ఆఫ్ ఇండియావారు తొమ్మిది రేవుల్లో నీటి హెచ్చుతగ్గులను ఏళ్ళ తరబడి కొలిచి, ఆ సగటును మట్టంగా తీసుకుని, దేశమంతటి ఎత్తుల లెక్కను 1909లో స్థిరపరచారు. ఆ తొమ్మిది రేవులు కరాచీ, బొంబాయి, కార్వారు, బేపూరు, కొచ్చిన్, నాగపట్టణం, మద్రాసు, విశాఖపట్టణం, ఒరిస్సాలోని ఫాల్స్ పాయింటు. అంటే మన ఊరి ఎత్తు లెక్కలో విశాఖ కెరటానికీ ఒక వాటా ఉన్నదన్నమాట. రైలు దిగగానే వాడు అక్కడి బోర్డు వెతికి చదివాడు. పది మీటర్లయినా లేదు. "ఒక్క రాత్రిలో ఇంత దిగామా!" అని ఆశ్చర్యపోయాడు.

ఉగాదినాడు పచ్చడి తిని పంచాంగ శ్రవణానికి కూర్చున్నాము. ఆదాయ వ్యయాలయ్యాక చిన్నవాడికి విసుగు పుట్టి, "ఈ తిథులతో ఏం పని మామ్మా?" అన్నాడు. మా మామయ్య పోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాడు. ఆయన లోపలికి వెళ్ళి ఆటుపోట్ల పట్టిక అచ్చువేసిన కాగితాలు తెచ్చి పంచాంగం పక్కన పరిచాడు. "ఏమక్కా, రెండూ కలిపి చదువు" అన్నాడు. అమ్మ కళ్ళజోడు సవరించుకుని వేలు పెట్టి చూసింది. అమావాస్యనాడు మధ్యాహ్నం మూడింటికి కాస్త ఇటుగా నీరు బాగా తీసి ఉంది. పౌర్ణమినాడూ అదే వేళ. నడుమనున్న రోజుల్లో రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున వెనక్కు జరుగుతూ వచ్చింది. అమ్మ కాసేపు వేళ్ళు మడిచి, "తిథికి రెండు ఘడియలు!" అన్నది.

ఘడియంటే 24 నిమిషాలు. రెండు ఘడియలంటే 48 నిమిషాలు. పదిహేను తిథులకు ముప్ఫై ఘడియలు, అంటే సరిగ్గా పన్నెండు గంటలు. అందుకనే అమావాస్య వేళ పౌర్ణమికి తిరిగి వస్తుంది. ఇందులో మాయలేదు. తిథి అంటే సూర్యచంద్రుల నడుమ దూరానికి కొలత. ఆటుపోట్లను నడిపేది ప్రధానంగా చంద్రుని ఆకర్షణ, దానికి తోడు సూర్యునిది. రెండూ ఒకే వరుసలోకి వచ్చే అమావాస్య పౌర్ణములకు, ఆ వెంటనే వచ్చే ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా తీస్తుంది. అష్టమి ప్రాంతాల రెండు శక్తులూ అడ్డం తిరగడంవల్ల తేడా తక్కువ. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకూ మరో పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు.

విశాఖ దగ్గర పెద్ద తిథుల్లో కూడా పోటుకూ ఆటుకూ ఎత్తులో తేడా సుమారు ఒకటిన్నర మీటరే. గుజరాతులోని భావనగరం దగ్గర అది పది మీటర్ల దాకా ఉంటుంది. అయితే ఉగాది మనకు రెండు విధాల అనుకూలం. ఒకటి, అది అమావాస్య మర్నాడు వస్తుంది. రెండు, బంగాళాఖాతంలో ఏడాదిలో నీటిమట్టం సగటున బాగా తగ్గి ఉండేది మార్చి, ఏప్రిల్ నెలల ప్రాంతం. అక్టోబరు, నవంబరుల్లో అదే బాగా హెచ్చు. 2025 ఉగాదికి చంద్రుడు భూమికి బాగా దగ్గరగా కూడా వచ్చాడు. "వేళ తెలిసి వచ్చారర్రా మీరు!" అన్నాడు మామయ్య.

మర్నాడు విదియ. పులిహోర, పెరుగన్నం, మిగిలిన బొబ్బట్లు కట్టుకుని పొద్దున్నే మామయ్య కారులో భీమిలి వెళ్ళాము. అక్కడ గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. పది గంటల వేళకు పోటు నిండుగా ఉన్నది. నది కిందికి పారవలసింది పోయి, సముద్రపు నీరే ఏటిలోకి ఎదురెక్కి వస్తున్నది. పిల్లలు ఒక ఎండుటాకు వేసి అది ఎగువకు తేలిపోవడం చూశారు. "మొదట పోటు చూడండి. అప్పుడు తీసిందెంతో తెలుస్తుంది" అని మామయ్య చెప్పినందుకే పొద్దున అక్కడికి వెళ్ళడం. నీరు ఎక్కిన గుర్తుగా గట్టు మీద ఒక తడి గీత కనిపిస్తే పెద్దది కాగితం మీద రాసుకుంది.

భోజనాలయ్యాక విశాఖ దారిలో మంగమారిపేట చేరాము. ఇక్కడ ఒడ్డున సహజంగా ఏర్పడ్డ శిలాతోరణం ఉన్నది. రోడ్డుకు ఆవలి పక్క తొట్లకొండ. 1976లో నౌకాదళంవారు విమానం మీదనుంచి సర్వే చేస్తున్నప్పుడు ఆ కొండ మీది బౌద్ధ విహారం బయటపడింది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లనే దానికి ఆ పేరు. "పైన భిక్షువులు తొలిచిన తొట్లు, కింద కెరటాలు తొలిచిన తొట్లు" అన్నాడు మామయ్య. మేము దిగేసరికి రెండున్నర. నీరు తీస్తున్నది. పొద్దున అలలు కొట్టిన చోట నల్లని బండలు తేలి, వాటి నడుమ గుంటలు అద్దాల్లా మెరుస్తున్నాయి.

అమ్మ ఒడ్డున గొడుగు వేసుకుని కూర్చుని, పిల్లలకు మూడు షరతులు పెట్టింది. సముద్రానికి వీపు పెట్టకూడదు. నాచు మీద అడుగు వేయకూడదు. పిలిస్తే రెండోసారి పిలిపించుకోకూడదు.

ఆ బండలను పైనుంచి కిందికి చదవాలి. మన వీధుల్లో ఉన్నట్టు అక్కడా ఎవరి పేట వారికున్నది. అన్నిటికన్నా పైన, తుంపరలు మాత్రమే తగిలే చోట, శనగగింజంత నత్తలు పగుళ్ళలో ముడుచుకుని ఉంటాయి. ఎండకు తట్టుకునే ఘటాలవి. వాటి కింద తెల్లని చిన్న చిన్న గోపురాల్లాగా రాతికి అతుక్కున్నవి బార్నకిళ్ళు. చూడటానికి గుల్లల్లాగా ఉన్నా అవి నత్తల జాతి కావు, రొయ్యలకూ పీతలకూ చుట్టాలు. పుట్టినప్పుడు ఈదుతూ తిరిగి, తరువాత ఒకచోట తల ఆనించి రాతికి అంటుకుపోతాయి. ఇక జన్మంతా అక్కడే. నీరు వచ్చినప్పుడు తలుపు తెరిచి, ఈకల వంటి కాళ్ళు బయటికి చాచి, ఆహారం లోపలికి దువ్వుకుంటాయి. "కాళ్ళతో అన్నం తింటాయా!" అని చిన్నవాడు పడి పడి నవ్వాడు. డార్విన్ మహాశయుడు 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్ళు ఈ బార్నకిళ్ళ మీదనే కూర్చున్నాడని చెబితే నవ్వు ఆపాడు.

ఇంకా కిందికి పోతే ఆలుచిప్పలు, ఆపైన పచ్చని నాచు. ఆ నాచు పక్కన గుంటలో ఒక పువ్వు కనిపించింది. పెద్దది నీడ పడకుండా వంగి చూస్తూ ఉండగానే దాని రేకులు మెల్లగా ముడుచుకున్నాయి. అది పువ్వు కాదు, సీ అనిమోన్ అనే జంతువు. రేకుల్లాంటివి దాని చేతులు. చిన్న ప్రాణులను కుట్టి పట్టుకుంటాయి. గుంటలో బ్రతకడం తేలిక కాదు. ఎండకు ఆ కాస్త నీరూ వేడెక్కుతుంది, ఉప్పు చిక్కబడుతుంది. వాన పడితే ఉన్న ఉప్పూ పలచబడుతుంది. మళ్ళీ పోటు వచ్చేదాకా ఆ జీవులు ఓర్చుకుని ఉండవలసిందే.

ఇంతలో చిన్నవాడు అందమైన గుల్ల ఒకటి తీసి జేబులో వేసుకున్నాడు. జేబులో గిలిగింత పెట్టింది! తీసి అరచేతిలో పెట్టుకుంటే, కాసేపటికి గుల్లలోంచి ఎర్రని కాళ్ళు బయటికి వచ్చాయి. మా అమ్మ దాన్ని పీత అంటుంది. మా ఆవిడది అనంతపురం కావడంచేత ఎండ్రకాయ అంటుంది. ఈ పీతకు నడుము వెనక భాగం మెత్తన. సొంత పెంకు లేదు. చచ్చిన నత్తలు వదిలిపెట్టిన గుల్లలో దూరి, ఒళ్ళు పెరిగినకొద్దీ ఇంకా పెద్ద గుల్ల వెతుక్కుంటుంది. బెంగుళూరులో అద్దె ఇంటికోసం తిరిగినవాళ్ళకు దాని బాధ వేరే చెప్పాలా? "మరి ఖాళీ గుల్లలు అందరూ ఏరుకుపోతే ఇదేం చేస్తుంది?" అన్నది పెద్దది. చిన్నవాడు ఏడుపుమొహంతోనే అయినా దాన్ని తీసిన గుంటలోనే దింపాడు. కొన్ని జాతుల శంఖాలకు, పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నది. చట్టం సంగతి అలా ఉంచినా, పిల్లలకు ఆ ప్రశ్న ఒక్కటి చాలు.

కంటికి కనిపించేవే ఇన్ని. కనిపించనివి ఇంకా ఉన్నాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రొఫెసరు పి.ఎన్. గణపతిగారు సహచరునితో కలిసి వాల్తేరు ఇసుకరేణువుల సందుల్లో బ్రతికే సూక్ష్మజీవుల మీద 1962లో ఒక పరిశోధన ప్రకటించారు. మనం చెప్పులు విడిచి నడిచే ఇసుక కూడా ఒక ఊరేనన్నమాట.

నాలుగు దాటింది. వలలు బాగుచేసుకుంటున్న ముసలాయన ఒకడు మా దగ్గరికి వచ్చి, "నాలుగున్నరకి నీరు తిరగబడతాది బాబూ. పిల్లల్ని తెచ్చీండి. ఎనక నుంచి ఈ గెడ్డలోకి ముందు నీరొస్తాది, మీకు తెలీదు" అని బండల వెనకాల ఉన్న పల్లం చూపించాడు. అప్పటికి అక్కడ పొడి ఇసుకే. పిల్లలు ఒక్క పిలుపుకే వచ్చేశారు. గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండగా, అలలు ముందునుంచి బండను ఎక్కకముందే, వెనకనున్న పల్లంలోకి నీరు చప్పుడు చేయకుండా జారింది. కాసేపటికి మేము నడిచివచ్చిన దారి మీద నీళ్ళు నిలిచాయి. బండ మాత్రం ఇంకా పొడిగానే ఉంది.

అమ్మ ఆ దారినే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి, "అది పున్నమి వెళ్ళిన మర్నాడురా" అన్నది. ఏమిటని అడగలేదు నేను. "మూడింటికి వెళ్ళారు. నీరు బాగా తీసి ఉంది. పొద్దు గూకేసరికి... ఇదిగో, ఇలాగే వెనకనుంచి వచ్చి ఉంటుంది. ఆ పిల్లాడికి ఎవరూ చెప్పలేదు. మాకూ ఎవరూ చెప్పలేదు. సముద్రం చెడ్డదన్నారు, అంతే." అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తరువాత పిల్లలిద్దర్నీ దగ్గర కూర్చోబెట్టుకుని ఆ కుర్రవాడి సంగతి చెప్పింది. మాకు చెప్పినట్టు బెదిరించి చెప్పలేదు. తిథితో, వేళతో, దారితో సహా చెప్పింది.

వేళ తెలిసినవాడికి వేళకాని వేళ కూడా తెలుస్తుంది. 2004 డిసెంబరు 26 పౌర్ణమి. ఆ రోజు సునామీ మన తూర్పు తీరాన్ని ఉదయం తొమ్మిది ప్రాంతాల తాకింది. పౌర్ణమినాడు ఆ వేళకు నీరు పోటుమీద ఉండాలి. కాని ఆ ఉదయం అనేకచోట్ల సముద్రం ఉన్నట్టుండి వెనక్కు తీసింది. ఆ వింత చూడబోయినవారు ఎందరో ఆ తరువాతి అలకు బలయ్యారు. థాయిలాండులో ఫుకెట్ తీరాన టిల్లీ స్మిత్ అనే పదేళ్ళ ఇంగ్లీషు బాలిక, అంతకు రెండు వారాల ముందు బడిలో విన్న భూగోళం పాఠం గుర్తు తెచ్చుకుని, నీటి తీరు చూసి కేకలు పెట్టింది. ఆ తీరంలో ఉన్నవారంతా బయటపడ్డారు. ఇప్పుడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది. అయినా ఒడ్డున ఉన్న పిల్లవాడి బుర్రలో కూడా ఒక చిన్న కేంద్రం ఉంటే నష్టం లేదు కదా! వేళకాని వేళ సముద్రం తీస్తే గుల్లలు ఏరుకోవడం కాదు, మెరక వైపు పరుగెత్తడమే పని.

మీరూ పిల్లల్ని తీసుకుని వెళ్ళేటట్లయితే అమావాస్యకో, పౌర్ణమికో మర్నాడు, మూణ్నాడు చూసుకుని వెళ్ళండి. పంచాంగం చూసి రోజు నిర్ణయించుకోండి గాని, గంటా నిమిషమూ మాత్రం అచ్చయిన ఆటుపోట్ల పట్టికలో సరిచూసుకోండి. మా అమ్మ లెక్క అరగంట అటూ ఇటూ కావచ్చు. నీరు బాగా తీసే వేళకు గంటన్నర ముందు చేరి, నీరు తిరగబడే వేళకు గట్టెక్కండి. పట్టు ఉన్న చెప్పులు వేయండి. తిప్పిన రాయి తిప్పినట్టే మళ్ళీ పెట్టించండి. తుపాను హెచ్చరిక ఉన్న రోజున పంచాంగాన్నీ పట్టికనూ కూడా నమ్మకుండా ఇంట్లో కూర్చోండి. అన్నిటికన్నా ముందు అక్కడి పల్లెవాళ్ళను ఒక మాట అడగండి. ఏ పల్లంలోకి నీరు ముందు వస్తుందో ఏ పట్టికా చెప్పదు.

మేము బెంగుళూరు తిరిగి వచ్చిన తరువాత దశమి రాత్రి, ఎనిమిది గంటల వేళ, డాబా మీద భోజనాలు చేస్తున్నాము. చంద్రుడు నడినెత్తికి వచ్చాడు. చంద్రుడు నడినెత్తికి వచ్చిన మూడు గంటల ప్రాంతానికి విశాఖలో ఆటు అని మామయ్య చెప్పిన గుర్తు. చిన్నవాడు ఒకసారి పైకి చూసి, ఒకసారి వేళ్ళు లెక్కపెట్టి, "మామ్మా, చంద్రుణ్ణి చూసినా పదకొండు, నీ తిథి లెక్క వేసినా పదకొండే. పదకొండింటికి మన పీత గుంట బయటపడుతుంది!" అన్నాడు.

"పడుతుంది. ఆ వేళకు నువ్వు నిద్రలో ఉండాలి, తిను" అన్నది అమ్మ.